దయ్యం పట్టేది ఇంటినా, మనిషినా?

సందేహం: రాబర్ట్ వైజ్ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా ‘ది హాంటింగ్’ (1963) మీద పరిచయ వ్యాసం రాసి, అందులోని భవంతిని ‘దయ్యం పట్టిన ఇల్లు’ అన్నాను. అది తెలుగు నుడికారం కాదని, ‘దెయ్యం’ అని రాయాలని మిత్రుడు అంటున్నాడు. ‘దర్వాజ లోపలికి ఉబ్బింది’, ‘చూస్తుంటే బుగులైతది’ అని కూడా రాశాను. ఇవి వ్యాసంలో ఉండొచ్చా?
ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: నుడికారం గురించి మీ మిత్రుడు చెప్పింది నిజమే. ‘పట్టు’ క్రియకు దయ్యం కర్త అయినప్పుడు పట్టుబడేది మనిషి. ఇంటి దగ్గరికి వచ్చేసరికి క్రియ మారిపోతుంది: దయ్యాలు ఇంట్లో ఉంటయి, తిరుగుతయి. పాడుబడ్డ గడీని చూపించి నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ‘అండ్ల దయ్యాలుంటయి’ అంటారు గాని ‘గడీకి దయ్యం పట్టింది’ అనరు. ‘ఆ ఇంటికి శని పట్టింది’ అంటాం కదా అని మీరు అడగవచ్చు. అక్కడ ఇల్లంటే గోడలు కావు, అందులోని సంసారం. కాబట్టి మామూలుగా అయితే ‘దయ్యాలు తిరిగే ఇల్లు’, ‘దయ్యాల కొంప’ సరిపోతాయి.

ఈ సినిమాకు మాత్రం అవి చాలవు. ఇందులో తిరిగే దయ్యం ఒక్కసారీ కనబడదు. గోడ అవతల బాదుతున్న చప్పుడు వినిపిస్తుంది, అది దగ్గరికొస్తుంది, మనకు కనిపించేది మాత్రం విని బిగుసుకుపోయిన రెండు ముఖాలే. చీకట్లో కథానాయిక ఎలినార్, పక్కనున్న తోటిమనిషి చెయ్యి గట్టిగా పట్టుకున్నాననుకుంటుంది. వెలుగొచ్చాక చూస్తే ఆ మనిషి దూరంగా మంచం మీద ఉంటుంది. మరి పట్టుకున్నదెవరు? ఈ ప్రశ్నలోనే మీకు కావలసిన క్రియ ఉంది. ఇక్కడ పట్టేది ఇల్లు, పట్టుబడేది ఎలినార్. ‘దయ్యం పట్టిన ఇల్లు’ అంటే ఇల్లు కర్మ అయిపోతుంది, సినిమా తలకిందులవుతుంది. ‘మనిషిని పట్టే ఇల్లు’ అని రాయండి. వ్యాకరణమూ నిలుస్తుంది, సినిమా ప్రాణమూ దక్కుతుంది.

దయ్యం, దెయ్యం రెండూ వాడుకలో ఉన్నాయి. నిఘంటువులకెక్కిన రూపం ‘దయ్యము’. ‘దైవము’ ప్రకృతి, ఇది వికృతి. పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడు, విధి అనే అర్థాలున్నాయి. తమిళంలో ‘తెయ్వం’ ఇప్పటికీ దేవుడే. కన్నడంలో ‘దెవ్వ’ మన దయ్యంలాగే కిందికి దిగింది. మీరు ఏది రాసినా వ్యాసమంతా ఒకటే రాయండి.

‘దర్వాజ’ మాత్రం మార్చాలి. మన దిక్కు దర్వాజ అంటే ముఖ్యంగా చౌకట్టు, ద్వారం. ఇల్లు కట్టేటప్పుడు ‘దర్వాజ నిలబెట్టుడు’ అంటే నిలిపేది చౌకట్టునే, తలుపును కాదు. సినిమాలో చౌకట్టు కదలదు. మూసిన తలుపు, ఆ గట్టి చెక్క, అవతలి నుంచి ఎవరో ఒత్తుతున్నట్టు లోపలికి ఉబ్బి మళ్లీ సర్దుకుంటుంది. బిగించిన చౌకట్టులో చెక్క ఊపిరి పీలుస్తున్నట్టుండటమే అక్కడి భయం. ‘తలుపు ఉబ్బింది’ అనండి.

‘బుగులు’ను తీసెయ్యొద్దని గట్టిగా చెబుతున్నాను. ‘జడుపు’ ఉన్నట్టుండి ఉలిక్కిపడటం వల్ల వచ్చేది. పిల్లలు జడుసుకుంటే జ్వరం తగులుతుందంటారు. బుగులు అలా కాదు, ఏమీ జరగకముందే లోపల మొదలై, జరిగాక కూడా పోదు. తెర మీద అస్థిపంజరం దూకే సినిమాలకు జడుపు సరైన మాట. ఏదీ చూపించకుండా చప్పుడుతో, వంకరగా కనిపించే గోడలతో రెండు గంటలకు దగ్గరగా కూర్చోబెట్టే ఈ సినిమాకు ‘భయం’ పలుచన, ‘భీతి’ పుస్తకాల మాట. వాక్యం శిష్టభాషలో ఉంటే ‘బుగులు పుడుతుంది’ అని క్రియను మాత్రం సవరించుకోండి.