తైపేలో ఉష్ణోగ్రతల లెక్క మొదలుపెట్టే ముందు

చిట్టితల్లీ,

ప్రాజెక్టుకి తైవాన్ పాత ఉష్ణోగ్రతల లెక్కలు తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది. ముప్పై ఏళ్ళు వాతావరణ కేంద్రంలో రోజూ ఎనిమిదిన్నరకి రీడింగ్ తీసినవాణ్ణి కదా, ఆ మాట విన్నప్పటి నుంచి నీకు రాయాలని మనసు లాగుతోంది.

అంకెలు చేతికి రాగానే గ్రాఫ్ గీసేయకు. ముందు ఆ థర్మామీటర్ ఎక్కడుందో, ఎన్నిసార్లు చోటు మారిందో, చుట్టూ ఏం లేచాయో చదువు. మా కేంద్రం పక్కనే ఒక ఏడాది మూడంతస్తుల మేడ కట్టారు. పగటి వేడిలో పెద్ద తేడా రాలేదు కానీ, తెల్లవారుజాము కనిష్ఠం, అంటే ఆ రోజు అతి తక్కువ ఉష్ణోగ్రత, పైకి జరిగింది. పగలంతా తాగిన ఎండని గోడలు రాత్రంతా వదులుతాయి మరి. ఆ మేడ సంగతి రిజిస్టర్‌లో రాయాల్సింది నేనే, రాయలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకొకటి. కనిష్ఠ థర్మామీటర్‌ని పెట్టెలో పడుకోబెట్టి ఉంచుతారు. లోపల స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో, గుండుసూదంత నల్లటి పుల్ల ఉంటుంది. రాత్రి చల్లబడేకొద్దీ స్పిరిట్ దాన్ని బల్బు వైపు లాక్కుపోతుంది. పొద్దెక్కి స్పిరిట్ ముందుకొచ్చినా పుల్ల అక్కడే ఆగిపోతుంది. బల్బుకి దూరంగా ఉన్న కొస చూసి రాయాలి. కొత్తగా చేరిన కుర్రాళ్ళు రెండో కొస చదివేవాళ్ళు. నెలంతా ఉన్నదానికంటే చల్లగా గడిచినట్టు నమోదయ్యేది! అందుకే పాత అంకెలు ఒక్క నెలలో మెట్టు ఎక్కినట్టు మారితే మనిషి చెయ్యో, చోటు మార్పో అనుకో. ఏళ్ళ తరబడి నెమ్మదిగా పాకితే అప్పుడు వాతావరణం గురించి ఆలోచించు.

నీకు దొరికింది మంచి ఖజానా. తైవాన్ రాజధాని తైపే, ఇంకా తైచుంగ్, తైనాన్, హెంగ్‌చున్, పెంగ్హూల్లో 1896-97 నుంచీ కేంద్రాలున్నాయి. అయితే తైపే ఒక్కదాన్నే నమ్ముకోకు. అది కొండల మధ్య గిన్నెలాంటి ఊరు, వేడి చప్పున బయటికి పోదు, పైగా మహానగరం. సముద్రం మధ్యలో ఉన్న పెంగ్హూని, 3,800 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్న యూషాన్ కేంద్రాన్ని పక్కన పెట్టి చూడు. మేడలూ రోడ్లూ లేని ఆ కొండమీద కూడా గీత పైకే పోతుంటే, అదంతా ఊరి వేడి అని ఎవరూ కొట్టిపారేయలేరు. యూషాన్ లెక్కలు 1940ల నుంచే ఉంటాయి కాబట్టి అక్కణ్ణుంచే పోల్చు.

పగలూ రాత్రీ కలిపి సగటు తీసి ఊరుకోకు, తల్లీ. కనిష్ఠాలు విడిగా గీయి. మార్పు ముందు రాత్రుల్లోనే తెలుస్తుందని నా నమ్మకం.

2020 జులై 24న తైపేలో 39.7 డిగ్రీలు వచ్చింది, అక్కడ లెక్కలు మొదలయ్యాక అంత ఎప్పుడూ లేదు. 2016 జనవరిలో అదే ఊరు 4 డిగ్రీలకి పడిపోయింది. ఈ రెండిట్లో ఏ ఒక్కటీ పట్టుకుని వాదించకు. ముప్పయ్యేసి ఏళ్ళు ఒక కట్టగా తీసుకుని, కట్టకీ కట్టకీ తేడా చూడు.

అక్కడి చలి వారాల్లో స్వెట్టర్ వేసుకో. మనకి వాన తెచ్చే ఈశాన్య గాలే అక్కడ ఎముకలు కొరికేంత చలి తెస్తుంది. హెంగ్‌చున్ జనవరి కనిష్ఠాలు మొదటి పదేళ్ళవీ, చివరి పదేళ్ళవీ ఒక కాగితం మీద రాసి ఫొటో పంపు. కూర్చుని చూస్తాను.

మీ తాతయ్య