ఒకే కరెంటుతో ఫ్యాన్ తిరగడం, ఇస్త్రీపెట్టె వేడెక్కడం ఎలా?

ప్లగ్గులోంచి వచ్చే కరెంటు ఒకటే అయినా ఫ్యాన్ తిరుగుతుంది, ఇస్త్రీపెట్టె కాలుతుంది, ఎందుకని? పిల్లలు అడిగే ప్రశ్నల్లో నాకు బాగా నచ్చేది ఇదే.

శక్తిని కొత్తగా పుట్టించలేం, మాయం చేయలేం. రూపం మాత్రం మార్చగలం. ఏ రూపంలోకి మారాలన్నది వస్తువు లోపలి అమరికను బట్టి ఉంటుంది. ఇస్త్రీపెట్టెలో ఉండే నిక్రోమ్ తీగ కరెంటును సులువుగా పోనివ్వదు. ఆ నిరోధం వల్ల విద్యుత్ శక్తి వేడిగా మారుతుంది. ఫ్యాన్‌లోనేమో రాగి తీగ చుట్టలుంటాయి. కరెంటు పారినంతసేపూ అవి అయస్కాంతాల్లా పనిచేస్తాయి, ఆ బలంతోనే రెక్కలు తిరుగుతాయి. అంటే విద్యుత్ శక్తి యాంత్రిక శక్తి అయింది.

అమ్మ కొబ్బరి పచ్చడి రుబ్బేటప్పుడు మిక్సీని గమనించండి. బ్లేడు గిర్రున తిరుగుతుంది, ఇల్లంతా మోత. స్విచ్ ఆపి, ప్లగ్ తీసేశాక జార్‌ను బయటినుంచి ముట్టుకుంటే కాస్త వెచ్చగా ఉంటుంది. మనకు కావలసింది తిరగడమే, కానీ కొంత శక్తి శబ్దంగా, వేడిగా పోయింది. ఏ యంత్రంలోనైనా ఇలా కొంత పోక తప్పదు.

ఫోను ఛార్జింగ్ పెడితే విద్యుత్ శక్తి బ్యాటరీలో రసాయన శక్తిగా దాగుతుంది. గ్యాస్ పొయ్యికి కరెంటే అక్కర్లేదు, గ్యాస్‌లోని రసాయన శక్తే మంటవుతుంది.

బల్బుల్లో తేడా మరీ ఎక్కువ. పాతకాలం ఫిలమెంట్ బల్బు తీసుకున్న శక్తిలో 90 శాతానికి పైగా వేడిగానే పోయేది. అందుకే 60 వాట్ల ఆ బల్బు ఇచ్చే వెలుగు ఇప్పుడు సుమారు 9 వాట్ల ఎల్‌ఈడీతోనే వస్తోంది.