రైజెన్ 7 5800ఎక్స్ ఓవర్‌క్లాక్ చేస్తే 90 డిగ్రీలు దాటుతోంది, ఎండాకాలంలో అదుపులో ఉంచేదెలా?

మీరు చెప్పినదాని ప్రకారం ఉన్నవి ఇవి: 5800ఎక్స్ (ఏఎండీ ప్రాసెసర్), బీ550 బోర్డు, రెండు టవర్ల ఎయిర్ కూలర్, బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూలో) అన్ని కోర్లకూ కలిపి 4.7 గిగాహెర్ట్జ్, 1.35 వోల్టులు. ఊరు విజయవాడ, గదిలో ఏసీ లేదు. ఇప్పుడు 360 మి.మీ. లిక్విడ్ కూలర్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనకండి. ముందు ఆ 4.7, ఆ 1.35 రెండూ తీసేసి బయాస్‌ను డిఫాల్ట్‌కు తెచ్చుకోండి.

ఈ చిప్‌లో 8 కోర్లూ ఒకే ముక్కలో ఉంటాయి. దాని వైశాల్యం దాదాపు 80 చదరపు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి గోరంత. వందకు పైగా వాట్ల వేడి ఆ గోరంత చోటు నుంచే పైకి రావాలి. కూలర్ ఎంత పెద్దదైనా, వేడి దాని దాకా చేరడం దగ్గరే ఇరుక్కుంటుంది. అందుకే ఖరీదైన కూలర్ పెట్టినా తగ్గేది కొద్ది డిగ్రీలే. పైగా 4.7కు కట్టేస్తే నష్టం కూడా ఉంది: ఒకటి రెండు కోర్లకే పని ఉన్నప్పుడు ఈ చిప్ తనంతట తానే 4.85 దాకా వెళ్తుంది. మీరు వేడి పెంచుకుని, గేముల్లో వేగం తగ్గించుకున్నట్టే.

ఇంకో భయం కూడా తీరుస్తాను. డిఫాల్ట్‌లో ఉన్నప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (వోల్టేజీ, ఉష్ణోగ్రత చూపించే సాఫ్ట్‌వేర్‌లో) 1.45, 1.48 వోల్టులు కనిపిస్తే కంగారు పడొద్దు. తేలికపాటి పనిలో కరెంటు తక్కువ కాబట్టి చిప్ ఆ వోల్టేజీని తనే ఎంచుకుంటుంది. అదే వోల్టేజీని మీరు చేత్తో పెట్టి 8 కోర్ల మీదా గంటలకొద్దీ నడిపితే మాత్రం చిప్ ఆయుష్షు తగ్గుతుంది.

దీనికి సరైన దారి పీబీఓ (ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్, చిప్ పవర్ హద్దుల్ని మార్చే ఏఎండీ సెట్టింగ్), దానితోపాటు కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో కోర్ వోల్టేజీని సవరించేది). 5800ఎక్స్‌ను ఓవర్‌క్లాక్ చేయడమంటే వోల్టేజీ తగ్గించడమే అనుకోండి. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన వెసులుబాటును చిప్ తనే క్లాక్ (గిగాహెర్ట్జ్ వేగం)గా మార్చుకుంటుంది. 2021 తర్వాత వచ్చిన ఏ బయాస్‌లోనైనా ఈ ఆప్షన్ ఉంటుంది, లేకపోతే ముందు బయాస్ అప్‌డేట్ చేయండి.

ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (దాని మీద రాసిన వేగానికి నడిపే ప్రొఫైల్) పెట్టి, మెమరీ టెస్ట్ పాస్ అయ్యాకే ప్రాసెసర్ జోలికి రండి. రెండూ ఒకేసారి కదిపితే తప్పు ఎక్కడుందో తేలదు. తర్వాత సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగం కొలిచే టెస్ట్) మల్టీకోర్ 10 నిమిషాలు నడిపి నాలుగు అంకెలు రాసుకోండి: స్కోరు, హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సీపీయూ టీసీటీఎల్/టీడై పేరుతో కనిపించే చిప్ ఉష్ణోగ్రత, పీపీటీ (ప్రాసెసర్‌కు అందే మొత్తం పవర్) వాట్లు, గది ఉష్ణోగ్రత. నాలుగోదాన్ని అందరూ వదిలేస్తారు. గదిలో ఒక డిగ్రీ పెరిగితే చిప్ మీద కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. డిసెంబరులో 24 డిగ్రీల గదిలో 76 చూపించిన మిషన్, మే నెలలో 37 డిగ్రీల గదిలో 89 చూపిస్తుంది. అందులో కూలర్ తప్పేమీ లేదు.

ఇప్పుడు బయాస్‌లో ఏఎండీ ఓవర్‌క్లాకింగ్ మెనూలోకి వెళ్లి పీబీఓను అడ్వాన్స్‌డ్‌కు మార్చి, లిమిట్స్ మాన్యువల్ పెట్టండి. ఫ్యాక్టరీ హద్దులు పీపీటీ 142 వాట్లు, టీడీసీ (నిలకడగా లాగే కరెంటు) 95 ఆంపియర్లు, ఈడీసీ (క్షణకాలం లాగే గరిష్ఠ కరెంటు) 140 ఆంపియర్లు. మీ గదికి నేను చెప్పేది 120, 80, 125. చివరి 20 వాట్లకు అన్ని కోర్ల మీద దక్కేది సుమారు 100 మెగాహెర్ట్జ్, మిగతాదంతా వేడే. కొన్ని బోర్డులు ఈ అంకెల్ని మిల్లీవాట్లలో, మిల్లీఆంపియర్లలో అడుగుతాయి. అక్కడ 120 అని కొడితే పని చేయదు, 120000 కొట్టాలి. థర్మల్ థ్రాటిల్ లిమిట్ (చిప్ వేగం తగ్గించుకునే ఉష్ణోగ్రత) 85 పెట్టండి. ఫ్యాక్టరీ హద్దు 90. అదే మెనూలో ఉండే స్కేలార్‌ను ఆటోలో వదిలేయండి. బోర్డు ఇచ్చే ‘మదర్‌బోర్డ్ లిమిట్స్’ ఆప్షన్ జోలికి అసలు వెళ్లొద్దు, అది హద్దుల్ని ఎత్తేసి నేరుగా 90కి తీసుకెళ్తుంది.

కర్వ్ ఆప్టిమైజర్‌లో పర్ కోర్ ఎంచుకుని, గుర్తు నెగటివ్ పెట్టండి. ఒక్కో అంకె విలువ 3 నుంచి 5 మిల్లీవోల్టులు, గరిష్ఠం 30. అన్ని కోర్లకూ ఒకేసారి మైనస్ 30 పెట్టేసి ‘సినీబెంచ్ పాస్ అయింది’ అని సంబరపడేవాళ్లు చాలామంది. వాళ్ల మిషన్ రెండు రోజుల తర్వాత బ్రౌజర్‌లో ఏదో చదువుతుండగా రీస్టార్ట్ అవుతుంది. కారణం ఉంది: ఫుల్ లోడ్‌లో క్లాక్ తక్కువ కాబట్టి ఆ వోల్టేజీ సరిపోతుంది. ఒక్క కోర్ 4.85కు ఎగిరినప్పుడే వోల్టేజీ చాలక పడిపోతుంది. అందులోనూ చిప్‌లో అన్నిటికంటే మంచి రెండు కోర్లకు ఫ్యాక్టరీలోనే మార్జిన్ తక్కువ ఉంచుతారు. రైజెన్ మాస్టర్‌లో (ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో) వాటి పక్కన గుర్తులుంటాయి. ఆ రెండింటికీ మైనస్ 10, మిగిలిన ఆరింటికీ మైనస్ 20తో మొదలుపెట్టండి.

టెస్ట్‌కు కోర్‌సైక్లర్ వాడండి. అది ప్రైమ్95ను (ప్రాసెసర్‌ను గట్టిగా పరీక్షించే ప్రోగ్రామ్‌ను) ఒక్కో కోర్ మీదే విడిగా నడుపుతుంది. దాని సెట్టింగుల్లో ఎస్ఎస్ఈ మోడ్‌లోనే ఉంచండి, క్లాక్ ఎక్కువ ఎగిరేది అందులోనే. మొదటి విడత కోర్‌కు 6 నిమిషాలు, అంకెలు కుదిరాక రాత్రంతా. ఎర్రర్ వచ్చిన కోర్‌కు అంకెను 3 నుంచి 5 తగ్గించండి, అంటే మైనస్ 20 ఉన్నది మైనస్ 16 అవుతుంది. ఎర్రర్ చూపించకుండా నేరుగా రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ లోపాల రికార్డు), ఐడీ 18 వెతకండి. అందులో ప్రాసెసర్ ఏపీఐసీ ఐడీ ఉంటుంది. దాన్ని 2తో భాగించి శేషం వదిలేస్తే కోర్ నంబరు వస్తుంది, లెక్క సున్నా నుంచి. ఐడీ 6 అయినా 7 అయినా కోర్ 3. ఐడీ 19 వస్తే మాత్రం కర్వ్‌ను అనుమానించకండి, చాలాసార్లు అది ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే దారి వేగం) ఎక్కువ పెట్టినందువల్ల వచ్చేది. 3600 ర్యామ్‌కు ఎఫ్‌క్లాక్ 1800 చాలు.

డబ్ల్యూహెచ్ఈఏ ఏమీ లేకుండా కెర్నల్ పవర్ 41 (మిషన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందనే రికార్డు) ఒక్కటే ఉంటే, ఆ టైముకు కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకుందేమో చూడండి. మన ఊళ్లలో ఓవర్‌క్లాక్ మీద పడే నిందల్లో కొన్ని నిజానికి ఇన్వర్టర్‌వి.

బూస్ట్ ఓవర్‌రైడ్ (గరిష్ఠ క్లాక్ హద్దును పెంచే ఆప్షన్) చివరి పని. ప్లస్ 50 మెగాహెర్ట్జ్, మహా అయితే 100. ప్లస్ 200 పెడితే ఆ క్లాక్‌కు వోల్టేజీ పెరగాలి, కష్టపడి తగ్గించుకున్నదంతా తిరిగి వచ్చేస్తుంది. క్లాక్ చూసేటప్పుడు హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మామూలు కోర్ క్లాక్ కాదు, ఎఫెక్టివ్ క్లాక్ (నిజంగా దక్కే వేగం) చూడండి. మొదటిది ఎక్కువగా, రెండోది తక్కువగా ఉండి స్కోరు పడిపోతుంటే వోల్టేజీ చాలక చిప్ క్లాక్‌ను సాగదీస్తోందని అర్థం. సరిగ్గా కుదిరితే 120 వాట్లలోనే ఆర్23 స్కోరు ఫ్యాక్టరీలాగే 15 వేల చుట్టుపక్కల ఉంటుంది.

ఇక గాలి సంగతి. కేస్ పక్క తలుపు తీసి అదే టెస్ట్ మళ్లీ నడపండి. 5 డిగ్రీలకు మించి తగ్గితే లోపం కేస్‌లోనిదే: ముందు రెండు 120 మి.మీ. ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉండాలి, డస్ట్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. తేడా లేకపోతే పేస్ట్ (చిప్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్) చూడాలి. కూలర్ ఊడదీసే ముందు పది నిమిషాలు లోడ్ పెట్టి వేడెక్కించి, ఆఫ్ చేసి, అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తీయండి. చల్లగా ఉండగా పైకి లాగితే ఏఎం4లో (మీ బోర్డులోని సాకెట్ రకం) చిప్ సాకెట్ నుంచి కూలర్‌తో పాటు ఊడొచ్చేస్తుంది, పిన్నులు వంగుతాయి. కొత్త పేస్ట్ మధ్యలో 4 మి.మీ. చుక్క, నాలుగు మూలల వైపు చిన్న చుక్కలు. స్క్రూలు ఒకదాన్ని పూర్తిగా బిగించాక రెండోది కాకుండా, ఒక్కోటీ రెండు చుట్ల చొప్పున మార్చి మార్చి బిగించండి.

ఈ చిప్‌లో ఒక్క క్లిక్‌కే ఉష్ణోగ్రత 10, 15 డిగ్రీలు ఎగిరి దిగుతుంది. ఫ్యాన్ దాని వెంట పరిగెత్తితే చెవులకు నరకమే తప్ప లాభం లేదు. 60 వరకు ఒకే వేగం, 75కు 80 శాతం, 82కు పూర్తి వేగం ఇచ్చి, స్టెప్ అప్ టైమ్ (వేగం పెంచే ముందు ఫ్యాన్ ఆగే సమయం) 3 సెకన్లు పెట్టండి.

పీబీఓ ఆన్ చేసినందువల్ల చిప్ పాడైతే ఏఎండీ వారంటీ వర్తించదని గుర్తుంచుకోండి. బయాస్ అప్‌డేట్ చేస్తే ఈ అంకెలన్నీ చెరిగిపోతాయి, చాలా బోర్డుల్లో సేవ్ చేసిన ప్రొఫైల్ కూడా పోతుంది. కాబట్టి ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి.