కవరు కప్పిన కారు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: మాది కాకినాడ. టీచరుగా చేసి రిటైరయ్యాను. 1997లో మావారు కొన్న తెల్ల మారుతి 800 ఇంకా మా ఇంట్లోనే ఉంది. 2,14,000 కిలోమీటర్లు తిరిగింది. పిల్లలిద్దరూ దాని వెనక సీట్లోనే పెరిగారు. ఏడాదిన్నర క్రితం ఆయన పోయారు. అప్పట్నుంచి బండి గేటు దాటలేదు. రోజూ పొద్దున్నే కవరు తీసి, స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు లోపల కూర్చుని ఆపేస్తాను. నాకు డ్రైవింగ్ వచ్చు, ఆయనే నేర్పారు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా" అంటాడు. డాష్‌బోర్డు అరలో ఆయన పెట్రోలు లెక్కలు రాసుకున్న పాకెట్ డైరీ ఉంది. దాన్ని కూడా కదపలేదు. నాది చాదస్తమంటారా?

జవాబు: చాదస్తం కాదు టీచరుగారూ. కానీ రోజూ మీరు చేసే ఆ ఐదు నిమిషాల పని మాత్రం బండికి మంచిది కాదు. ఇంజను సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తే సైలెన్సరులో చేరిన చెమ్మ బయటికి పోక లోపలే తుప్పు పట్టిస్తుంది. స్టార్టింగుకి బ్యాటరీ ఖర్చు చేసింది ఆ కాసేపట్లో తిరిగి ఎక్కదు. పైగా మీది కార్బురేటరు (గాలి, పెట్రోలు కలిపి ఇంజనుకి పంపే భాగం) ఉన్న పాత రకం బండి, చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందేలా చోక్ లాగి స్టార్ట్ చేయాలి. రోజూ చోక్ మీదే నడిచి ఆగిపోతుంటే ప్లగ్గులకు మసి పడుతుంది. దానికి తోడు మీది సముద్రం గాలి తగిలే ఊరు. ఒకసారి కాళ్ల కింద మ్యాట్లు ఎత్తి రేకు చూడండి, డోర్ల కింది అంచులు తడిమి చూడండి.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. మా నాన్నగారి ప్రీమియర్ పద్మినికి నేనూ ఇలాగే కవరు కప్పాను. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు ఉండేది, మా ఇంట్లో అందరం ఫియట్ అనే పిలిచేవాళ్లం. మీరు నయం, స్టార్ట్ అన్నా చేస్తున్నారు. నేను ఆదివారాలు కవరు మీద దుమ్ము దులిపేవాణ్ణి, అంతే. నాలుగేళ్ల తర్వాత మెకానిక్‌ని పిలిస్తే బానెట్ ఎత్తి, ఏమీ అనకుండా నా వైపు చూశాడు. ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలకలు కాపురం పెట్టాయి. వైర్లు కొరికేశాయి. ట్యాంకు అడుగున పెట్రోలు బంకలా తయారైంది. టైర్లు నేలకి ఆనిన చోట చదునైపోయాయి. చివరికి నాన్నగారి బండిని కిలోల లెక్కన అమ్మాను. తూకం వేసే కుర్రాడు "సీట్లు ఉంచుకుంటారా సార్?" అని అడిగాడు. వెనక సీటు ఇప్పటికీ మా వరండాలో ఉంది. దాని మీద పిల్లి పడుకుంటుంది.

అందుకే చెబుతున్నాను. ఉంచుకుంటే నడపండి. నడపలేననుకుంటే, కండిషన్‌లో ఉండగానే నడుపుకునేవాళ్లకి ఇవ్వండి. కవరు కప్పి ఉంచడం మాత్రం వద్దు.

నడుపుతానంటే ముందు మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి. నిలవ పెట్రోలు తీయించి, కార్బురేటరు విప్పి కడిగించండి. బ్రేకులు చూడకుండా గేటు దాటించొద్దు, కదలని బండికి అవి పట్టేసి ఉండొచ్చు. పెట్రోలు వెళ్లే రబ్బరు పైపులు కొత్తవి వేయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 1997 నాటి బండి దానికోసం తయారైంది కాదు, ఆ పైపులు గట్టిపడి పగులుతాయి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి ట్యాంకులో ఉంచకండి. 800 తయారీ 2014లోనే ఆగిపోయినా సామాను దొరుకుతోంది, ఆ టెన్షన్ అక్కర్లేదు.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. ఆర్‌సీ మీవారి పేరు మీదే ఉండిపోయిందా? యజమాని పోయాక వారసుల పేరు మీదికి మార్చడానికి ఫారం 31 ఉంటుంది. మామూలుగా మూడు నెలల్లో పెట్టాలి. ఆలస్యమైంది కాబట్టి జరిమానా పడొచ్చు, కట్టేయండి. ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదికి రావాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లు. ఆ లెక్కన మీది 2027తో అయిపోతుంది. 600 రూపాయలున్న రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు తర్వాత ఇంకా పెంచారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఈ లెక్కంతా మీ అబ్బాయికి చెప్పండి. అతను వద్దంటున్నది బండిని కాకపోవచ్చు, ఆ గేటు లోపల మీరు ఒంటరిగా కూర్చోవడాన్ని.

అన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, సామర్లకోట భీమేశ్వరుడి గుడి దాకా వెళ్లి రండి. ఆ దూరానికి ఇంజను బాగా వేడెక్కుతుంది. మొదటిసారి పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. దారిలో బంకు దగ్గర ఆగినప్పుడు డైరీ తీసి ఎన్ని లీటర్లో రాయండి. మీవారి లెక్క ప్రకారం లీటరుకి ఎంత ఇచ్చేదో, ఇప్పుడెంత ఇస్తోందో నాకూ రాయండి.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి రాస్తున్నా. పదహారేళ్లు నడిపిన శాంట్రోని మూడేళ్ల కింద అమ్మేశాను. ఆర్‌సీ ఇంకా నా పేరు మీదే ఉంది, చలాన్లు నాకే వస్తున్నాయి. నిజం చెప్పాలంటే చలాన్ మీది ఫోటోలో నా బండిని చూస్తే సంతోషంగానే ఉంటోంది. ఇందులో ఇబ్బంది ఏమైనా ఉందా?

జవాబు: చాలా ఉంది. ఆ బండి రేపు ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం కేసులో ఓనరు మీరే. ఆర్‌సీలో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. కొన్నవాణ్ణి పట్టుకుని ఫారం 29, 30 మీద సంతకాలు చేయించి వెంటనే పేరు మార్పించండి. అడ్రసు తెలియదంటారా? ఈసారి చలాన్ ఫోటో వచ్చినప్పుడు బండిని కాకుండా వెనకాల ఏ సెంటరు కనిపిస్తోందో చూడండి.