వీధిలో కారు పెట్టి మిగిల్చిన పదకొండు వందలు

ప్రశ్న: మేం కొంపల్లిలో ఉంటాం. అమ్మానాన్నలు విశాఖపట్నంలో ఉంటారు. నాన్నగారికి ఒంట్లో బాగుండటం లేదు. అందుకని నెలకోసారి శుక్రవారం సాయంత్రం విమానంలో వెళ్ళి, సోమవారం తెల్లవారుజామున తిరిగి వస్తుంటాను. కారు శంషాబాద్ విమానాశ్రయంలో పెడితే ప్రతిసారీ దాదాపు 1,500 రూపాయలు అయ్యేది. ఆరు నెలలుగా శంషాబాద్‌లోనే ఒక కాలనీలో వీధి పక్కన పెట్టి ఆటోలో వెళ్తున్నాను. ఆటోకు రానూపోనూ 400. అంటే నెలకు 1,100 మిగులు. ఈ డబ్బును మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్‌లో పెడదామనుకుంటున్నాను. ఏ ఫండ్ మంచిది? ఇంకో మాట. పోయిన నెల వచ్చేసరికి కారు అద్దానికి ఒక చీటీ అంటించి ఉంది: ‘మూడు రోజులు గేటుకు అడ్డంగా పెట్టారు. ఇంట్లో పెద్దాయన ఉన్నారు. అంబులెన్స్ ఎలా వస్తుంది?’ కొద్దిగా అడ్డం వచ్చి ఉండవచ్చు, కాదనను. మా ఆవిడ మాత్రం తప్పంతా నాదే అంటోంది. వీధి ప్రభుత్వానిది కదా?

జవాబు: ఫండ్ సంగతి చివర్లో చెబుతాను. అసలు ఆ 1,100 మిగిలాయా లేదా అన్నది ముందు తేల్చుకుందాం.

మీరు లెక్క రాసుకునే మనిషి. అది నాకు నచ్చింది. కానీ మీ లెక్కలో ఒక వరుస లేదు. కొంపల్లి నుంచి విమానాశ్రయానికి ఇంచుమించు 50 కిలోమీటర్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా అయితే ఇంకా ఎక్కువే. రానూపోనూ వంద. లీటరుకు పదిహేను కిలోమీటర్లు ఇచ్చే కారైతే ఏడు లీటర్ల పెట్రోలు, అంటే సుమారు 750 రూపాయలు. ఔటర్ మీద టోల్ రెండు వైపులా అదనం. ఈ ఖర్చు మీకు కనిపించలేదు. పెట్రోలు ఎప్పుడో కొట్టించి ఉంటారు, టోల్ ఫాస్టాగ్‌లోంచి పోతుంది. పార్కింగ్ బిల్లు మాత్రం నిద్ర లేని కళ్ళతో ఇంటికి బయలుదేరిన సోమవారం తెల్లవారుజామున గేటు దగ్గర ఎదురవుతుంది. అందుకే అదొక్కటే మనసుకు గుచ్చుకుంది.

బేగంపేటలో విమానాశ్రయం ఉన్న రోజుల్లో ఈ బాధ లేదు. బావమరిది స్కూటరు మీద దింపి, టీ తాగి వెళ్ళిపోయేవాడు. 2008 మార్చిలో విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాక బావమరుదులు ఆ పనికి సెలవు పెట్టారు.

సరే, వీధిలో ఉచితంగా పెట్టిన కారు నిజంగా ఉచితమేనా? అరవై గంటలు ఎవరూ కనిపెట్టి ఉండని కారుకు ఒక గీత పడటం, వెనక్కి తీస్తున్న ట్రాలీ ఆటో తగిలి బంపరు నొక్కుకుపోవడం పెద్ద విశేషాలేమీ కావు. ‘బీమా ఉంది కదా’ అంటారు. మీ పాలసీలో సొంత నష్టం భాగానికి ప్రీమియం 12,000 అనుకుందాం. ఐదేళ్ళుగా క్లెయిమ్ చేయలేదు కాబట్టి నో క్లెయిమ్ బోనస్, అంటే అందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, 50 శాతానికి చేరింది. మీరు కట్టేది 6,000. ఒక్క బంపరు కోసం క్లెయిమ్ చేశారంటే, బోనస్‌ను కాపాడే అదనపు రక్షణ కొనుక్కోకపోతే, వచ్చే ఏడాది అది సున్నా. పూర్తి 12,000 కట్టాలి. ఆ తర్వాత మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి: 20 శాతం, 25, 35, 45, ఆ పైన 50. ప్రీమియం అలాగే ఉందనుకుని కూడితే, ఈ ఐదేళ్ళలో మీరు అదనంగా కట్టేది 6,000, 3,600, 3,000, 1,800, 600. మొత్తం 15,000. వీధిలో పెట్టి ఏడాదంతా మిగిల్చేది 13,200. కాగితం, పెన్సిలు తీసుకుని మీరే ఒకసారి సరిచూడండి. అందుకే తెలిసినవాళ్ళు చిన్న దెబ్బకు బీమా జోలికి పోరు, జేబులోంచి పెట్టి రంగు వేయిస్తారు. ఆ రంగు డబ్బు కూడా మీ 1,100లోంచే పోతుంది.

కారే పోయిందనుకోండి. ఎదుటివారి నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పైసా రాదు. సమగ్ర పాలసీ ఉంటే వస్తుంది, వీధిలో పెట్టారన్న ఒక్క కారణంతో కాదనరు. కానీ ఎఫ్‌ఐఆర్ కావాలి, రెండు తాళంచెవులూ అప్పగించాలి, వాహనం దొరకలేదని పోలీసులు ఇచ్చే తుది నివేదిక వచ్చేదాకా ఆగాలి. ఇది నెలల పని. పైగా శుక్రవారం పోయిన కారు సంగతి మీకు సోమవారం తెలుస్తుంది. ‘తెలిసిన వెంటనే’ ఫిర్యాదు ఇచ్చినా, మూడు రోజులు ఎక్కడో వీధిలో ఎందుకు వదిలారు అనే ప్రశ్న రాకమానదు. చివరికి చేతికొచ్చేది పాలసీలో రాసిన విలువే. కొత్త కారు ధర రాదు. అప్పు మిగిలి ఉంటే ముందు బ్యాంకు తన వాటా తీసుకుంటుంది.

వానాకాలం సంగతి వేరే చెప్పాలి. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు జాతీయ రహదారి మీద వాహనాలు కొట్టుకుపోయాయి. మీరు కారు పెట్టే ప్రాంతానికి అది ఆమడ దూరం కూడా కాదు. ఇంజన్‌లోకి నీళ్ళు పోయి పాడైతే, ఇంజన్ రక్షణ అనే అదనపు కవరు లేని పాలసీలో సాధారణంగా ఆ మరమ్మతుకు డబ్బు రాదు. విశాఖలో కూర్చుని శంషాబాద్ వాన గురించి మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక ‘వీధి ప్రభుత్వానిది’ అన్న మాట. సగం ఒప్పుకుంటాను. ఇంటి ముందు రోడ్డు ఇంటివారి సొంతం కాదు. గేటుకు ‘నో పార్కింగ్’ పలక తగిలించినంత మాత్రాన ఆ రోడ్డు వారిదైపోదు. రాళ్ళు, పూలకుండీలు పెట్టి స్థలం పట్టుకోవడం మన నగరంలో పాత జాడ్యమే. కోపంతో టైర్లలో గాలి తీసేవారిని నేను సమర్థించను. కానీ రెండో సగం కూడా వినండి. గేటుకు అడ్డంగా పెట్టడం ఎక్కడైనా నియమాలకు విరుద్ధమే. అదీగాక 1988 నాటి మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన వాహనాన్ని తరలించమని గానీ, చక్రానికి తాళం బిగించమని గానీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఆదేశించవచ్చు. లాక్కెళ్ళిన ఖర్చు జరిమానాకు అదనంగా యజమానే కట్టుకోవాలి. మీ కారు ఉన్నది పది గంటలు కాదు, దానికి ఆరు రెట్లు. చీటీ రాసినవారు చీటీకి బదులు ఫోను చేసి ఉంటే ఆ సోమవారం మీరు పోలీసు స్టేషను వెతుక్కునేవారు. 2007, 2013 పేలుళ్ళను చూసిన నగరం ఇది. ఎవరిదో తెలియని వాహనం రెండు రాత్రులు కదలకుండా ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళు కిటికీలోంచి దాన్నే చూస్తూ ఉంటారు.

మా ఇల్లు ఒక మెట్రో స్టేషన్‌కు దగ్గర. పొద్దున కారు పెట్టి రైలెక్కి, చీకటి పడ్డాక వచ్చి తీసుకునేవారు మా వీధికి కొత్త కాదు. ఒక ఏప్రిల్‌లో బోరు ఎండిపోయి నీళ్ళ ట్యాంకరు తెప్పించాం. గేటు ముందు ఎవరిదో తెల్ల కారు. ట్యాంకరు అవతలే ఆగింది. కుర్రవాడు పైపు చుట్ట విప్పి, కారు పక్కనుంచి లాగి, గేటు సందులోంచి తోశాడు. సంపు మూత దాకా రావడానికి ఇంకా మూడు అడుగులు కావాలి. పైపు చివర పట్టుకుని సాగదీసి చూశాడు, నా వంక చూశాడు. కారు అద్దం మీద ఫోను నంబరు లేదు. డ్రైవరు పావుగంట ఆగి, తర్వాతి ఇంటికి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాడు. మర్నాడు రెండో ట్యాంకరుకు మళ్ళీ డబ్బు కట్టాను. ఆ కారాయన ఆ రోజు పార్కింగ్ రుసుము మిగుల్చుకున్నానని సంతోషించే ఉంటాడు. మిగిల్చింది నిజమే, కాకపోతే నా ఖాతాలోంచి. మీ 1,100 కూడా అలా ఎవరి ఖాతాలోంచి వస్తున్నాయో ఆ చీటీలో రాసి ఉంది. మీ శ్రీమతి సరిగ్గానే చదివారు.

ఇప్పుడు మార్గం. నెలనెలా వెళ్ళేది మీరు ఒక్కరే. ఒక్కరి కోసం వంద కిలోమీటర్లు కారు నడపడమే ఇందులో దండగ ఖర్చు. సికింద్రాబాద్ వైపు నుంచీ, జేఎన్‌టీయూ వైపు నుంచీ ఆర్టీసీ పుష్పక్ బస్సులు నేరుగా విమానాశ్రయానికి వెళ్తాయి. ఇంటి నుంచి బస్సు దాకా ఆటో, బస్సు టికెట్లు, అన్నీ కలిపి రానూపోనూ వెయ్యి అనుకోండి. మీరు ఇప్పుడు వీధిలో పెట్టి వెళ్తున్నప్పుడు అయ్యేది పెట్రోలు 750, ఆటో 400, ఆపైన టోల్. అంటే ఎవరి గేటుకూ అడ్డం పడకుండానే బస్సు చౌక. ఫలక్‌నుమా దాకా ఉన్న ఎంఎంటీఎస్ లోకల్ రైలును 2023లో శంషాబాద్ దగ్గరి ఉందానగర్ వరకు పొడిగించారు గానీ, అక్కడి నుంచి మళ్ళీ ఆటో ఎక్కాలి. సామాను ఉన్నవారికి నేను చెప్పను.

విమానమే ఎందుకు అని కూడా ఒకసారి ఆలోచించండి. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. మీకు సికింద్రాబాద్ స్టేషను శంషాబాద్ కంటే ఎంతో దగ్గర. రిజర్వేషన్లు 60 రోజుల ముందు తెరుస్తారు. మీ ప్రయాణం నెలనెలా ఉండేదే కాబట్టి ముందే తీసిపెట్టుకోవచ్చు. ఒక వైపు రైలు, ఒక వైపు విమానం అయినా నష్టం లేదు.

కుటుంబమంతా వెళ్ళే నెలల్లో కారు తీసుకోండి, విమానాశ్రయంలోనే పెట్టండి, ఆ రుసుమును టికెట్టు కొన్న రోజే టికెట్టు ధరలో కలిపి రాసుకోండి. చాలామంది తెల్లవారుజాము విమానం ఆరు వందలు చౌక అని కొంటారు. ఆ వేళకు కారు తప్ప దిక్కు లేక, పార్కింగ్‌కు దానికి రెండింతలు పెడతారు. టికెట్టును ఇంటి గుమ్మం నుంచి గుమ్మం దాకా లెక్కకట్టాలి. పార్కింగ్ ధరలు మారుతుంటాయి, బయలుదేరే ముందు విమానాశ్రయం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

శంషాబాద్ వైపు చుట్టాలో స్నేహితులో ఉండి, వారి ప్రాంగణంలో చోటుంటే అది వేరే మాట. ముందు అడగాలి, ‘పెట్టేశాను బాబాయ్’ అని ఫోను చేయడం అడగడం కాదు. అవసరమైతే జరపడానికి ఒక తాళంచెవి వారి దగ్గర ఉంచాలి. విమానంలో మీ ఫోను పలకదు కాబట్టి అద్దం లోపల ఊళ్ళో ఉన్నవారి నంబరు రాసి పెట్టాలి. నంబరు ప్లేటు కనపడకుండా కవరు కప్పకండి, అనుమానం పెరుగుతుంది. వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో రాకండి, విశాఖ నుంచి వస్తూ మాడుగుల హల్వా తేకపోతే ఎలా! తెలియని ఇంటివారైనా ఖాళీ స్థలం ఉంటే, రోజుకు ఇంత అని మాట్లాడుకుని డబ్బు ఇచ్చి పెట్టుకోవడంలో తప్పు లేదు. మాట్లాడుకున్నది ఫోను సందేశంలో ఉండేలా చూసుకోండి.

చీటీ అంటించిన ఇల్లు మీకు తెలుసు. ఈసారి అటు వెళ్ళినప్పుడు కారు దూరంగా ఆపి, గేటు తట్టి, ఆ కారు నాదేనండీ అని చెప్పి రండి. మీరు నెలనెలా వెళ్తున్నదీ ఒక పెద్దాయన కోసమే. ఆ ఇంటివారికి ఆ మాట చెబితే అర్థమవుతుంది. కానీ ఆ మాట క్షమాపణ అడిగాకే చెప్పండి, ముందు చెప్పకండి. ముందు చెబితే సాకులా వినిపిస్తుంది.

ఇక ఫండ్. నెలకు 1,100 చొప్పున పదేళ్ళు, ఏటా 12 శాతం పెరుగుతుందనుకుంటే దాదాపు రెండున్నర లక్షలు. అంత పెరుగుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు, కానీ బస్సు మార్గంలో మిగిలే డబ్బుతో అది సాధ్యమే. అయితే మొదటి రెండేళ్ళు సిప్ వద్దు. నాన్నగారికి ఒంట్లో బాగుండటం లేదని రాశారు. ఏదో ఒక రాత్రి ‘వెంటనే రా’ అని ఫోను వస్తుంది. అప్పటికప్పుడు కొనే టికెట్టు నెల ముందు కొన్న దానికి రెండు, మూడు రెట్లు ఉండవచ్చు. మీ ఇద్దరికీ కలిపి పాతిక, ముప్పై వేలు ఆ ఒక్క పని కోసం వేరే పొదుపు ఖాతాలోనో రికరింగ్ డిపాజిట్‌లోనో ఉండాలి. ఆ డబ్బు మార్కెట్ పడిపోయిన వారంలో కావలసిరావచ్చు కాబట్టి ఫండ్‌లో పెట్టకూడదు. అది నిండాక నిఫ్టీ 50 సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్ ఒకటి, ఏజెంటు లేకుండా నేరుగా కొనే డైరెక్ట్ ప్లాన్‌లో, నిర్వహణ ఖర్చు తక్కువ ఉన్నది చూసుకుని మొదలుపెట్టండి. తల్లిదండ్రుల ఆరోగ్య బీమా గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆ పాలసీ ఎంతకు ఉందో, ఏ రోగాలకు ఎన్నేళ్ళు ఆగాలన్నారో రాసి పంపండి. ఏ ఫండ్ అన్నదాని కంటే నాకు అదే ముందు కావాలి.