ఆయన పేరు రాయకుండా అప్లికేషన్ పెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, విజయనగరంలో గంటస్తంభం దగ్గర చిన్న టైలరింగ్ షాపు నడుపుతున్నాను. జీతం కాదు, సొంత పని. ఖర్చులు పోను నెలకు 16 వేల దాకా మిగులుతుంది. మా ఆయన సొంత ట్రాలీ ఆటో మీద 18 వేలు సంపాదిస్తారు. రెండేళ్ల క్రితం రామతీర్థంలో పెళ్లి చేసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు. రేషన్ కార్డులో నా పేరు ఇంకా అమ్మ వాళ్ల దగ్గరే ఉంది. ఇప్పుడు 28 లక్షల్లో ఒక ఫ్లాట్ చూశాం, 18 లక్షలు లోన్ కావాలి. కేంద్రం ఇచ్చే వడ్డీ సబ్సిడీకి ఆయన పేరు లేకుండా ఒంటరి మహిళనని పెట్టమని ఒక ఏజెంటు చెబుతున్నాడు. చీపురుపల్లి దగ్గర మా మామగారికి డాబా ఇల్లు ఉంది, అది బయటపడితే మాకు రాదంటున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ ఏజెంటు మాట వినకండి. అతను చెప్పింది తప్పు, పైగా మీకు ఆ అబద్ధం అవసరమే లేదు.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరు నుంచి నడుస్తోంది. అందులో కుటుంబం అంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. మీ మామగారు మీ కుటుంబం లెక్కలోకి రారు. ఆయన డాబా ఆయనదే. అడిగేది మీ పేరు మీద గానీ మీ ఆయన పేరు మీద గానీ దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లు ఉందా అని. అయితే ఒక్కటి చూసుకోండి. పల్లెల్లో ఇంటి పన్ను పుస్తకంలో కొడుకు పేరు రాయించడం, నోటిమాట మీద పంపకాలు చేసుకోవడం మామూలే కదా, ఆ ఇంటి పన్ను రసీదు ఎవరి పేరుతో వస్తోందో, కాగితం మీద మీ ఆయనకి వాటా రాసిచ్చారో లేదో మామగారిని మొహమాటపడకుండా అడగండి. రాసిచ్చేసి ఉంటే మాత్రం సమస్యే. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకంలోనైనా మీ ఆయన పేరు మీద ఇల్లు మంజూరైందేమో కూడా ఆధార్ నంబరు ఇచ్చి వార్డు సచివాలయంలో హౌసింగ్ చూసే సెక్రటరీ దగ్గర తెలుసుకోండి. కట్టకుండా వదిలేసిన మంజూరు కూడా రికార్డులో ఉంటుంది, చాలామందికి ఆ సంగతి గుర్తే ఉండదు.

ఇక ఆదాయం. మీ 16 వేలు, ఆయన 18 వేలు కలిపి ఏడాదికి 4 లక్షల 8 వేలు. ఈ పథకంలో 3 లక్షల దాకా ఒక వర్గం, 6 లక్షల దాకా ఇంకొకటి, 9 లక్షల దాకా మరొకటి. మీరు నడుమ వర్గంలోకి వస్తారు, వడ్డీ సబ్సిడీకి అది చాలు. ఇంటి ధర 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు, మీవి రెండూ దాటడం లేదు. మీరు 18 లక్షలు తీసుకున్నా మొదటి 8 లక్షల మీదే 4 శాతం సబ్సిడీ లెక్కేస్తారు, అదీ 12 ఏళ్ల వరకే. గరిష్ఠంగా లక్షా 80 వేలు, ఐదు వార్షిక వాయిదాల్లో మీ లోన్ ఖాతాలోనే పడుతుంది, చేతికి రాదు. ఆ వాయిదా పడే నాటికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగం కంటే ఎక్కువ మిగిలి ఉండాలి.

ఇప్పుడు ఆయన పేరు తీసేస్తే ఏమవుతుందో చూడండి. బ్యాంకు 16 వేల ఆదాయం మీద 18 లక్షలు ఇవ్వదు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్లు పెట్టుకున్నా నెల వాయిదాయే 16 వేలు దాటుతుంది. కాబట్టి ఆయన్ని సహ దరఖాస్తుదారుగా పెట్టాలి, అప్పుడు ఆ ఫైలులోనే మీ భర్త అని ఆయన సంతకం ఉంటుంది, పథకం కాగితంలో మీరు ఒంటరి అని ఉంటుంది. నేను బ్యాంకులో లోన్ల సెక్షన్లో ఉన్నప్పుడు ఇలాంటి ఫైళ్లు చూశాను. పథకానికి తక్కువ ఆదాయం, లోనుకి ఎక్కువ ఆదాయం, రెండూ ఒకే ఫైలులో పక్కపక్కనే. తప్పని తేలితే వచ్చిన సబ్సిడీ వెనక్కి కట్టాలి. పైగా వితంతువులకి, నిజంగా ఒంటరిగా బతుకుతున్న ఆడవాళ్లకి ఈ పథకంలో ప్రాధాన్యం ఉంది. ఆ చోటు వాళ్లది, దాన్ని మీరు తీసుకోకూడదమ్మా.

ముందు పెళ్లి రిజిస్టర్ చేయించుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి గుడి రసీదు, పెళ్లి ఫొటోలు, ఆధార్ కార్డులు, సాక్షులతో వెళ్లండి. ఆ సర్టిఫికెట్‌తో అమ్మ వాళ్ల రేషన్ కార్డులోంచి మీ పేరు మార్పించుకోండి. ఫ్లాటు మీ పేరు మీద గానీ ఇద్దరి పేర్ల మీద గానీ రిజిస్టర్ కావాలి, ఆయన ఒక్కరి పేరు మీద వద్దు.

జీతం స్లిప్ లేనివాళ్లు ఎక్కడ దెబ్బ తింటారో చెబుతాను. శ్రావణంలో, పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు, సంక్రాంతికి మీకు తీరిక ఉండదు, ఆషాఢంలో మిషను తొక్కే పని ఉండదు. అంతా నగదుగా తీసుకుని నగదుగా ఖర్చుపెడితే బ్యాంకుకి మీ షాపు కనపడదు. ఈ రోజు నుంచే వచ్చిన ప్రతి రూపాయీ ఖాతాలో వేయండి, ఫోన్‌పే బోర్డు పెట్టండి, అద్దె, దారం, లైనింగు, సాయం చేసే పిల్లల కూలి ఒక నోటుబుక్కులో రాయండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బులివ్వకండి. ఐటీ రిటర్న్ వేయించండి. చిన్న వ్యాపారాలకి నగదు అమ్మకాల్లో 8 శాతం, డిజిటల్ అయితే 6 శాతం లాభంగా చూపిస్తే చాలనే పద్ధతి ఉంది. కొందరు ఆ కనీసమే చూపించి రిటర్న్ వేసేస్తారు. ఖర్చులు తీయకముందు మీ షాపుకి ఏడాదికి 4 లక్షల 20 వేలు వచ్చిందనుకోండి, 8 శాతం అంటే 33,600. ఆ కాగితం చూసి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. అది కనీసం మాత్రమే, అసలు లాభం ఎక్కువైతే అసలుదే చూపించాలి. మీ లక్షా 92 వేలు చూపించండి, పన్ను ఏమీ పడదు. మీ ఆయన కూడా ఆటో కిరాయిల లెక్క ఇలాగే రాయాలి.

ఒక్క మాట. ఇద్దరిదీ కలిపి 34 వేలే, అందులో సగం వాయిదాకే పోతే ఆషాఢం నెల గడవడం కష్టం. వీలైతే ఇంకో ఏడాది ఆగి చేతి డబ్బు కొంచెం పెంచుకుని, 15 లక్షలకి తగ్గించండి. వాయిదా 13,500 దగ్గర ఆగుతుంది.

ప్రశ్న: పలాసలో జీడిపప్పు బట్టీలో పనిచేస్తాను. రెండు సెంట్ల సొంత స్థలం ఉంది. మా ఆయన చెన్నైలో సెంట్రింగ్ పని, నెలకు 8 వేలు పంపుతారు. ఆదాయంలో ఆ 8 వేలు రాస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. ఆయన పంపేది కాదు, సంపాదించేది రాయాలి. చెన్నైలో ఉన్నా ఆయన మీ కుటుంబమే. ఇద్దరిదీ కలిపి ఏడాదికి 3 లక్షల లోపుంటే పైన చెప్పిన ఆవాస్ యోజనలోనే సొంత స్థలంలో కట్టుకునే సాయానికి మీరు అర్హులు, కేంద్రం లక్షన్నర, రాష్ట్రం కనీసం లక్ష. ఇల్లు 30 నుంచి 45 చదరపు మీటర్ల లోపల ఉండాలి, మీ స్థలం దానికి సరిపోతుంది. డబ్బు ఒక్కసారిగా రాదు, పునాది, గోడలు, శ్లాబు అని పని ముందుకెళ్లే కొద్దీ వస్తుంది కాబట్టి మొదటి దశకి చేతిలో కొంత ఉంచుకోండి. ఇద్దరి ఆధార్ కార్డులూ కావాలి, ఆయన పండక్కి ఊరొచ్చినప్పుడే సచివాలయానికి ఇద్దరూ కలిసి వెళ్లండి.