కతీడ్రల్‌కీ బసిలికాకీ మధ్య ఒక రోడ్డు

ప్రశ్న: డిసెంబర్‌లో మూడు రోజులు గోవా వెళ్తున్నాం. మా అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, బీచ్‌లో ఇసకలో నడవలేదు. మా ఎదురింటి ఆర్‌సీఎం (రోమన్ కతోలిక్) వాళ్లావిడ, అక్కడ పాడవని శరీరం ఉన్న చర్చి తప్పకుండా చూడమని అమ్మకి చెప్పిందట. మేం హిందువులం, లోపలికి రానిస్తారా? ఇంకో డౌటు, కొన్నిటిని కతీడ్రల్ అంటారు, కొన్నిటిని బసిలికా అంటారు, తేడా ఏమిటి? మన మెదక్ కూడా అలాంటిదేనా?
(గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: శుభ్రంగా రానిస్తారు. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, బీచ్ నుంచి నిక్కర్లతో నేరుగా వచ్చేస్తే గుమ్మం దగ్గరే ఇబ్బంది. పూజ (చర్చిలో ఫాదర్ చేసే ఆరాధన) జరుగుతుంటే వెనక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చోవచ్చు గానీ దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా భావించి ఇచ్చే అప్పం) లైన్లో మాత్రం నిలబడకండి, గుళ్లో ప్రసాదంలా వచ్చినవాళ్లందరికీ పెట్టేది కాదది.

తేడా కళ్లారా చూడాలంటే పాత గోవాని మించిన చోటు లేదు. పణజి నుంచి పది కిలోమీటర్లు. రోడ్డుకి ఇటు బోమ్ జీసస్ బసిలికా, అటు సే కతీడ్రల్. బిషప్ గారి పీఠం ఉన్న చర్చి కతీడ్రల్. బసిలికా అనేది పోపు ఇచ్చే బిరుదు, బోమ్ జీసస్‌కి 1946లో వచ్చింది. ఆ మాటకొస్తే రోమ్‌లో పోపు గారి కతీడ్రల్ మనం టీవీలో చూసే సెయింట్ పీటర్స్ కాదు, సెయింట్ జాన్ లాటరన్. చెన్నై శాంథోమ్ లాగా రెండూ అయినవీ ఉన్నాయి. మెదక్ కతీడ్రలే, కాకపోతే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అనే ప్రొటెస్టెంట్ వాళ్లది, కతోలికులది కాదు.

ఇక అమ్మగారు చూడాలనుకుంటున్నది బోమ్ జీసస్. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠ చేశారు. తెల్లగా సున్నం వేసిన గోవా చర్చిల మధ్య ఇదొక్కటే ఎర్రటి రాతితో బోసిగా ఉంటుంది, పైన ఉన్న గచ్చుని 1950ల్లో ఊడగొట్టారు, అప్పటినుంచి ఆ లేటరైట్ రాయి ప్రతి వానాకాలం తడుస్తూనే ఉంది. ఫొటోల్లో అందంగానే ఉంటుంది గానీ, దగ్గరికెళ్లి గుంటలు పడ్డ ఆ రాయి చూస్తే, ఎందుకు ఊడగొట్టారా అనిపిస్తుంది నాకైతే.

అమ్మగారికి ఒక మాట ముందే చెప్పి తీసుకెళ్లండి. ఆ పాడవని శరీరం పునీత ఫ్రాన్సిస్ శౌరి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) గారిది. ఆయన 1552లో చైనా తీరాన ఒక దీవిలో చనిపోయారు, శరీరాన్ని 1554లో గోవాకి తెచ్చారు. (మీ గుంటూరు వైపు శౌరయ్య, శౌరమ్మ అనే పేర్లు వింటుంటారు కదా, అవి ఈయనవే.) ఆ శరీరం వెండి పెట్టెలో, చాలా ఎత్తున ఉంటుంది, కింద నుంచి మెడ ఎత్తి చూడటమే, దగ్గరగా ఏమీ కనిపించదు. కిందికి దించి భక్తులకి చూపించేది పదేళ్లకోసారి, మొన్న 2024 నవంబర్ 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది. కాబట్టి పెట్టె కోసం మెడ నొప్పి తెచ్చుకోకుండా దాని కింద ఉన్న పాలరాతి కట్టడం చూడమనండి. ఇటలీలో మెదిచి వంశపు ప్రభువు మూడో కోసిమో చేయించి పంపాడు, 1698లో ఇక్కడ నిలబెట్టారు. నాలుగు పక్కలా కంచు పలకల మీద శౌరి గారి జీవితంలోని ఘట్టాలు చెక్కి ఉంటాయి.

తర్వాత రోడ్డు దాటి సే కతీడ్రల్‌కి వెళ్లండి. 1562లో మొదలైన ఈ చర్చి ముందు నిలబడితే ఏదో వెలితిగా అనిపిస్తుంది. రెండు గంట గోపురాలుండాల్సిన చోట ఒక్కటే ఉంది, రెండోది 1776లో కూలిపోతే మళ్లీ కట్టలేదు. మిగిలినదాంట్లో ఉన్న గంటని బంగారు గంట అంటారు, బంగారం ఉండి కాదు, మోత బాగుంటుందని.

డిసెంబర్ 3 శౌరి గారి పండగ. ముందు తొమ్మిది రోజులు నవదిన ప్రార్థనలు, విపరీతమైన జనం. అమ్మగారి మోకాళ్లతో ఆ రద్దీలో కష్టం, అది దాటాక ఏ మామూలు రోజో పొద్దున్నే వెళ్లండి.

బసిలికా బయట కొవ్వొత్తులతో పాటు మైనంతో చేసిన కాళ్లూ చేతులూ కూడా అమ్ముతారు, ఏ అవయవం బాగా లేకపోతే ఆ బొమ్మ మొక్కుగా పెడతారు. అమ్మగారు మోకాలు కొనమంటారేమో, చిల్లర దగ్గర పెట్టుకోండి. బయల్దేరే ముందు ఎదురింటావిడని కూడా ఒక మాట అడగండి, ఆవిడ తరఫున వెలిగించాల్సిన కొవ్వొత్తి ఏదైనా ఉండొచ్చు.